కావలి లక్ష్మయ్య అర్జీ

విరూర్‌లో మన తెలుగు కుటుంబాల చరిత్ర రాయించడానికి గ్రాంటు అడుగుదామంటున్నారు. మంచిదే. ముందు ఈ పాత సంగతి చదవండి.

కావలి సోదరులు ఏలూరు వాళ్లు. కాలిన్ మెకంజీ దొర దగ్గర పనిచేస్తూ శాసనాలు, కైఫియతులు సేకరించారు. 1803లో బొర్రయ్య పోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడిపించారు. 1821లో మెకంజీ చనిపోయాడు. మిగిలిన పరిశోధన తాను చేస్తానని లక్ష్మయ్య తర్వాత ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. అది అభిప్రాయం కోసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి వెళ్లింది. కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ 1836లో, లక్ష్మయ్య రాసిన సారాంశం చూసి, ఆయనే కాదు, ఏ దేశీయుడూ ఈ పనికి చాలడన్నట్టు రాశాడు. పని మద్రాసు మిషనరీ విలియం టేలర్‌కు దక్కింది.

అది దొరల చిన్నచూపే. ఎంత బాగా రాసినా ఆ గోడ కదిలేది కాదేమో. ఇప్పుడు ఆ గోడ లేదు. కానీ ఫైలు చూసేవాడు నేటికీ మనల్ని చూడడు, కాగితమే చూస్తాడు. రైల్వేలో నేను నేర్చుకున్నది అదే.

కాబట్టి "మా చరిత్ర గొప్పది" అని రాస్తే చాలదు. కాజీపేట–బల్లార్షా లైను మీదున్న మన ఊరికి ఎవరు, ఎక్కడినుంచి, ఏ పనికి వచ్చారు? ఎవరిని అడుగుతాం? ఎన్ని నెలలు, దేనికి ఎంత ఖర్చు? సేకరించిన కాగితాలు ఎక్కడ దాస్తాం? ఇవన్నీ రాయాలి. త్వరగా రాయాలి. చెప్పగలిగిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు.