సగంలో ఆగిన రైలు మార్గం, రోడ్డెక్కిన బండి

జపాన్‌లోని షికోకు దీవి ఆగ్నేయ తీరంలో అసా తీర రైల్వే 2021 డిసెంబర్ 25న రోడ్డు మీదా పట్టాల మీదా వెళ్లగల బస్సులు నడపడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ఇదే మొదటిదని చెప్పుకున్నారు గానీ, 1932లోనే ఇంగ్లండులో స్ట్రాట్‌ఫర్డ్‌కు ఇలాంటి బండి నడిచి కొద్ది నెలలకే ఆగిపోయింది. 1950ల్లో పశ్చిమ జర్మనీ ప్రయత్నించింది. హొక్కైడో రైల్వే 2007లో ప్రయాణికులతో ప్రయోగాలు చేసి చివరికి విరమించుకుంది. ఇన్నిచోట్ల నిలవనిది ఇక్కడ నిలబడటానికి కారణం బండి గొప్పతనం కన్నా ఆ మార్గం దురదృష్టమే అని నా వాదన.

టొయోటా కోస్టర్ మినీబస్సు అడుగున ముందూ వెనకా ఇనుప చక్రాలు అమర్చారు. అవకైనాన్ స్టేషన్లో బండి పట్టాల మీదికొచ్చి ఆగగానే అవి కిందికి దిగుతాయి, ముందు టైర్లు గాలిలోకి లేస్తాయి. వెనక రబ్బరు టైర్లు మాత్రం పట్టాలను ఒత్తుకునే ఉండి బండిని నడుపుతాయి. ఇదంతా పావు నిమిషం పని. చిక్కంతా బరువు దగ్గరే. పట్టాల మీద రైలుందని సిగ్నల్ వ్యవస్థ మామూలుగా ఇనుప చక్రాల ద్వారా పారే కరెంటును బట్టి పసిగడుతుంది. ఇంత తేలిక బండి దానికి నమ్మకంగా అందదు. కాబట్టి మామూలు రైళ్లతో కలిపి నడపడం ప్రమాదం. అసా మార్గంలో ఆ బెడదే లేదు. మురోతో అగ్రం చుట్టి షికోకులోనే ఉన్న కోచి వైపు సాగాల్సిన ఈ లైను పనులు ప్రభుత్వ రైల్వే అప్పుల్లో కూరుకుపోయినప్పుడు ఆగిపోయాయి. స్థానిక ప్రభుత్వాలు కలిసి పెట్టిన సంస్థ 1992లో ఎనిమిదిన్నర కిలోమీటర్ల ముక్కను మాత్రం తెరవగలిగింది. ఈ ముక్క దాటి ముందుకు పోయే రైళ్లు లేవు గనుకే తర్వాత పక్క ముక్కనూ కలుపుకుని, జపాన్ రైల్వేస్ (జేఆర్) పట్టాలతో సంబంధం తెంచి, పది కిలోమీటర్లనూ ఈ బండ్లకే అప్పగించగలిగారు.

పక్కనే 55వ నంబరు జాతీయ రహదారి ఉండగా ఉత్త బస్సు చాలదా అని అడగవచ్చు. ఖర్చే కొలమానమైతే చాలు. పైగా ముందు ఇనుప చక్రాలను పట్టి ఉంచే చేతుల్లాంటి కమ్మీల్లో బలం చాలక, అనుకున్న ప్రారంభం నెలల తరబడి వెనక్కి పోయింది కూడా. బండిలో పట్టేది ఇరవైమందికి అటూఇటూ. కానీ జనం పలచబడిన ఈ తీరానికి, బండిని చూడటానికే వచ్చే యాత్రికుడు కూడా ఆదాయమే. నంకాయ్ సముద్రగర్తంలో పుట్టే భూకంపం, సునామీ ఎప్పుడైనా రావచ్చన్న భయంతో బతికే ఊళ్లకు, పట్టాలు తెగినా రోడ్డున కదలగల బండి అక్కరకొస్తుంది. రైలు ఎన్నడూ చేరని మురోతోకు సెలవు రోజుల్లో ఈ బండే వెళ్తోంది, రోడ్డు మీద.