అమ్ముగూడ బలరాం

ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు మెస్సీ పేరు చెబుతారు. తులసీదాస్ బలరాం అంటే ఎవరాయన అని అడుగుతారు.

1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టారు. కోచ్ రహీం గారు పిలిస్తే ఆటకు హైదరాబాద్ వెళ్లడానికి సైకిలు అద్దెకు కూడా డబ్బుల్లేవు. ఆ అద్దె రహీం గారే ఇచ్చారు. ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్, అక్కడ మనకు నాలుగో స్థానం. పేరుకు ఫార్వర్డే గాని, గోల్ దగ్గర కాచుకుని ఉండే రకం కాదు. వెనక్కి దిగి బంతి అందుకుని ఆట నడిపేవారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. ఆ రెంటి మధ్య ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఇక్కడ మన యానాం వాళ్లం కాస్త ఆగాలి. 1954లోనే ఫ్రెంచి వాళ్లు వెళ్లిపోయినా, కాగితం మీద మన ఊరు ఆనాటికింకా ఫ్రాన్స్‌దే! ఆ కాగితం తేలింది 1962 ఆగస్టు 16న. సరిగ్గా పంతొమ్మిది రోజులకు, సెప్టెంబరు 4న, జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రహీం గారి జట్టు ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. అందులో బలరాం ఉన్నారు.

1963లో ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్. జట్టులో చేరారు. అది ఆగ్నేయ రైల్వే జట్టు, మన వాల్తేరు డివిజన్ అప్పుడు ఆ రైల్వేలోదే. అందుకే రైల్వే వాళ్లం ఆయన మావాడే అంటాం. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై నిండకుండానే ఆట ఆగిపోయింది. అర్జున ఇచ్చారు, పద్మశ్రీ మాత్రం ఇవ్వలేదు. మా లెక్కలో అది అన్యాయమే. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు.