‘ఫ్రెండ్స్’ కంటే ఏడాది ముందు



1993 ఆగస్టు 22న అమెరికాలో ఫాక్స్ టీవీలో ‘లివింగ్ సింగిల్’ అనే కామెడీ సీరియల్ మొదలైంది. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ ప్రాంతం. ఒక పాత ఇంట్లో ముగ్గురు నల్లజాతి అమ్మాయిలు కలిసి అద్దెకుంటారు. నాలుగో అమ్మాయి ఉండేది వేరే చోట, తిండికి మాత్రం తెరిచేది వీళ్ల ఫ్రిజ్జే. పై వాటాలో ఇద్దరు అబ్బాయిలు. ఆరుగురూ పాతికేళ్లు దాటినవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు, ఒకరినొకరు ఏడిపించుకుంటూ ఒకరికొకరు నిలబడేవాళ్లు.

1994 సెప్టెంబరు 22న, ఏడాదీ ఒక నెల తర్వాత, ఎన్‌బీసీలో మరో సీరియల్ మొదలైంది. అదే న్యూయార్క్. ఈసారి మన్‌హటన్. ఆరుగురు స్నేహితులు, అందరూ తెల్లవాళ్లు. దాని పేరు మీకు చెప్పక్కర్లేదు. రెండింటినీ తీసింది ఒకే సంస్థ, వార్నర్ బ్రదర్స్ టెలివిజన్. ఆ ఏడాది శీతాకాలానికి రెండూ గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి, వేర్వేరు ఛానళ్లలో, ఎదురెదురుగా నిలబడ్డాయి.

‘ఫ్రెండ్స్’ మనదాకా వచ్చింది. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో హాస్టల్లో పెన్‌డ్రైవుల మీద గదుల వెంట తిరిగేది. ఇంగ్లీషు రావాలంటే అది చూడాలని సీనియర్లు చెప్పేవాళ్లు. ఇంగ్లీషు ఎంతొచ్చిందో గానీ, ‘స్నేహం’ అంటే ఇలా ఉంటుందన్న బొమ్మ మాత్రం మా తలల్లో గట్టిగా పడింది. ఆ బొమ్మలో కాఫీ షాపు ఉంది, సోఫా ఉంది, అద్దె ఎలా కడుతున్నారో తెలియని పెద్ద ఫ్లాటు ఉంది.

‘లివింగ్ సింగిల్’ పేరు నేను విన్నది 2020లో. అప్పటికి అది మొదలై 27 ఏళ్లు. ఆ జనవరిలో ‘ఫ్రెండ్స్’ నటుడు డేవిడ్ ష్విమ్మర్ గార్డియన్ పత్రికతో మాట్లాడుతూ, అందరూ నల్లవాళ్లో, అందరూ ఆసియా వాళ్లో ఉండే ‘ఫ్రెండ్స్’ ఒకటి వస్తే బాగుంటుందేమో అన్నాడు. ‘లివింగ్ సింగిల్’లో లాయరు పాత్ర వేసిన ఎరికా అలెగ్జాండర్ ట్విట్టర్లో వెంటనే జవాబిచ్చింది, మర్యాదగానే, అలాంటిది మేం మీకంటే ముందే చేశాం కదా అని. ఆ వార్త చదివి వెతికితే ముక్కలుముక్కలుగా ఎపిసోడ్లు దొరికాయి. వరసగా చూశాను.

ఖదీజా జేమ్స్ పాత్ర రాపర్ క్వీన్ లతీఫాది. ‘ఫ్లేవర్’ అనే పత్రిక నడుపుతుంటుంది. బోలెడు ఖర్చు, చాలని ఆదాయం, మూసేయడానికి ఒప్పుకోని మనసు. మనలో చిన్న పత్రిక నడిపినవాళ్లెవరికైనా ఈ పాత్ర పరిచయం అక్కర్లేదు. ఆమె వరసకి చెల్లెలు సింక్లేర్ ఆ ఆఫీసులోనే రిసెప్షనిస్టు. చిన్ననాటి స్నేహితురాలు రెజీన్‌కి బట్టలన్నా డబ్బున్న మగాళ్లన్నా మోజు. నాలుగో ఆమె మాక్సీన్ షా, లాయరు. ఖదీజా, మాక్సీన్ హోవర్డ్ యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. హోవర్డ్ అంటే బానిసత్వం రద్దయిన రెండేళ్లకి, 1867లో పుట్టిన నల్లవాళ్ల చదువుల గడప. మనకి సాంఘిక సంక్షేమ హాస్టల్ ఎలాగో కొంతవరకు అలాగ. ఒకే ట్రంకు పెట్టెకి ఇద్దరు తాళాలు వేసుకున్న స్నేహాలు అక్కడ పుడతాయి.

ఈ సీరియల్ సృష్టికర్త ఈవెట్ లీ బౌజర్, ఒక నల్లజాతి యువతి. తన స్నేహితురాళ్ల జీవితం నుంచే రాసుకుంది. మొదట అనుకున్న పేరు ‘మై గర్ల్స్’. ఐదు సీజన్లు నడిచి 1998 జనవరి 1న ఆగిపోయింది. నల్లవాళ్ల ఇళ్లలో ఆ ఐదేళ్లూ బాగా చూసిన సీరియళ్లలో అదొకటి. ‘ఫ్రెండ్స్’ పదేళ్లు నడిచింది. చివరి రెండు సీజన్లకి ఆరుగురికీ ఎపిసోడుకి పది లక్షల డాలర్ల చొప్పున ముట్టాయి. పై వాటా కైల్ పాత్ర వేసిన టి.సి. కార్సన్ నాలుగో సీజన్ తర్వాత ‘లివింగ్ సింగిల్’లో లేడు. రెండు సీరియళ్లకీ నిర్మాతలు చూపిన తేడా గురించి గట్టిగా మాట్లాడినందుకే తనని తీసేశారని తర్వాత ఆయన చెప్పాడు. క్వీన్ లతీఫా కూడా 2017లో ఒక టాక్ షోలో, ఎన్‌బీసీ పెద్దలు తమ సీరియల్‌లాంటిదే కావాలనుకున్నారనీ ఆ తర్వాతే ‘ఫ్రెండ్స్’ వచ్చిందనీ చెప్పింది.

కాపీ కొట్టారా లేదా అన్న పంచాయితీ నాకు అక్కర్లేదు. అద్దె ఇంట్లో ఆరుగురు స్నేహితులన్న ఆలోచన ఎవడి సొత్తూ కాదు. నన్ను పట్టుకున్నది పేరు. తెల్లవాళ్ల స్నేహం గురించి తీస్తే పేరు ఉత్తి ‘ఫ్రెండ్స్’. ముందు ఏ విశేషణమూ లేదు. నల్లవాళ్ల స్నేహం గురించి తీస్తే అది ‘బ్లాక్ సిట్‌కామ్’. మొదటిది మనిషి కథ, రెండోది ఒక జాతి కథ. మొదటిది ప్రపంచమంతా చూస్తుంది, రెండోదాన్ని ‘వాళ్లు’ చూసుకుంటారు.

తెలుగు సాహిత్యం పాఠం చెప్పేవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. 1993లో, అంటే ‘లివింగ్ సింగిల్’ మొదలైన ఏడాదే, ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చింది. దాన్ని స్త్రీవాద కవిత్వం అన్నాం. ముందు ఏ కులం పేరూ పెట్టలేదు. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చారు. దాన్ని దళిత స్త్రీల సాహిత్యం అన్నాం. తేడా చూడండి. ‘నల్లపొద్దు’లో రచనలు 1921 నుంచి మొదలవుతాయి. స్త్రీవాదం అన్న మాట తెలుగు పత్రికల్లో మోగడానికి అరవై ఏళ్ల ముందే మన ఆడవాళ్లు రాస్తున్నారు. ముందు వచ్చినవాళ్లకి విశేషణం, తర్వాత వచ్చినవాళ్లకి ఉత్త పేరు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. మన కావ్యాల్లో ఆడవాళ్ల మధ్య స్నేహానికి ఉన్న మాట ‘చెలికత్తె’. ఉషకి చిత్రరేఖ ఉంది. ఉష కలలో చూసిన మగవాణ్ని బొమ్మ గీసి పట్టుకోవడం, ఎత్తుకొచ్చి అప్పగించడం ఆమె పని. శకుంతలకి అనసూయా ప్రియంవదలున్నారు. నాయిక విరహానికి చందనం పూయడం, ఉత్తరం రాయమని సలహా ఇవ్వడం వాళ్ల పని. చిత్రరేఖకి ఎవరి మీద మనసు పడిందో ఏ కవీ అడగలేదు. అది స్నేహం వేషంలో ఉన్న సేవ. సినిమాల్లో ఆ చెలికత్తే ‘హీరోయిన్ ఫ్రెండ్’ అయింది, చాలాసార్లు పేరు కూడా లేకుండా. సీరియళ్లలో ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ లాంటివి ఇంటింటా ఏళ్ల తరబడి ఆడాయి. మా పేటలో కరెంటు పోతే పక్క వీధికి వెళ్లి చూసినవాళ్లున్నారు. ఒకే గదిలో అద్దె పంచుకుని బతికే నలుగురు దళిత ఆడపిల్లల సీరియల్ మాత్రం నేనింతవరకు చూడలేదు.

పేరు గొడవ ఎంత దూరం వెళ్తుందో కోనసీమ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ‘కోనసీమ’గా పుట్టింది. అప్పుడు అది అందరిదీ. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పు పెట్టారు. రాజ్యాంగం రాసిన మనిషి పేరు చేరగానే కొందరి కళ్లకి అందరి జిల్లా కాస్తా ‘వాళ్ల జిల్లా’ అయిపోయింది. కొబ్బరి చెట్టూ గోదావరీ మారలేదు. ముందు ఒక పేరు చేరింది, అంతే.

సరిగ్గా ఆ తర్వాతి నెలలో, ‘ఫ్రెండ్స్’ సృష్టికర్తల్లో ఒకరైన మార్తా కౌఫ్‌మన్ తన సీరియల్లో నల్లవాళ్లు లేకపోవడం సిగ్గుగా ఉందని చెప్పి, బ్రాండైస్ యూనివర్సిటీలో ఆఫ్రికన్, ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాలకి నలభై లక్షల డాలర్లు ఇస్తానంది. మంచిదే. పాతికేళ్లు పట్టినా మంచిదే. మన సీరియళ్లు తీసినవాళ్లలో అలా సిగ్గుపడ్డ ఒక్కరి పేరు చెప్పమంటే నేను చెప్పలేను.

‘లివింగ్ సింగిల్’ని నెత్తిన పెట్టుకోమని కాదు. చాలా జోకులు పాతబడ్డాయి. మగాడు దొరకడం, దొరక్కపోవడం మీద నడిచే ఎపిసోడ్లు విసుగు పుట్టిస్తాయి. అందరూ చదువుకున్న ఉద్యోగస్తులే. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లిన మన అక్కలు, పిన్నులు ఆ బ్రూక్లిన్ ఇంట్లో తమని తాము చూసుకోలేరు. శుక్రవారం సెలవు దొరికితే చర్చి దగ్గర కలుసుకుని, ఒకరి కష్టం ఒకరు ఫోనులో ఊరికి చేరవేసే వాళ్ల స్నేహానికి వేరే కథ కావాలి. ఆ కథలో ఫ్రిజ్జు ఉంటుంది గానీ అది వాళ్లది కాదు.

అయినా మాక్సీన్ షా ఒక్కదాని కోసం ఆ సీరియల్‌ని గుర్తు పెట్టుకోవాలి. నోటికి అదుపు లేని, ఆకలి దాచుకోని, ఎవరికీ క్షమాపణ చెప్పని నల్లజాతి లాయరు ప్రతి వారం టీవీలో కనపడింది. జార్జియా రాజకీయ నాయకురాలు స్టేసీ అబ్రమ్స్, అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు అయానా ప్రెస్లీ తమకి ఆ పాత్ర స్ఫూర్తి అని చెప్పుకున్నారు. మనకి నిజం మనుషులే ఉన్నారు. ఈశ్వరీబాయి ఎల్లారెడ్డి నుంచి గెలిచి అసెంబ్లీలో నిలబడి మాట్లాడింది. కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం నల్లకోటు వేసుకుని కారంచేడు, చుండూరు బాధితుల పక్షాన నిలబడ్డారు. వాళ్ల మీద సీరియల్ లేదు.

ఈ మధ్య మా డిగ్రీ పిల్లలకి ఒక పని ఇచ్చాను. మీ హాస్టల్ గదిలో ఉన్న నలుగురి గురించి ఒక ఎపిసోడ్ రాయండి, పెళ్లి మాట రాకూడదు అన్నాను. అల్లవరం వైపు అమ్మాయి ఒకామె చెయ్యెత్తింది.

“పేర్లు మా అసలు పేర్లే పెట్టొచ్చా మేడమ్?”

పెట్టమన్నాను. సోమవారానికి పదకొండు వచ్చాయి.