నాడి మీద లేని వేలు

ఈ కథలో హైదరాబాదు ఓడిపోతుంది. ఆ సంగతి ముందే తెలుసు. తెలిసి కూడా, అక్కడి డాక్టరు ఎడ్వర్డ్ లారీ ధీమాగా అడుగు వేసిన ప్రతిచోటా ఆయన చెయ్యి పట్టుకుని, అటు వద్దయ్యా అని ఆపాలనిపిస్తుంది.

మొదటి కన్నీరు మాత్రం ఇక్కడ రాలలేదు. 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గరి ఒక పల్లెలో రాలింది. హానా గ్రీనర్‌కు పదిహేనేళ్లు. కాలి వేలి గోరు తీయాలి, అంతే. అంతకుముందు ఇంకో వేలి గోరు ఈథర్ మత్తులో తీయించుకుని క్షేమంగా ఇంటికొచ్చిన పిల్ల. ఈసారి కొత్త మందు, క్లోరోఫాం. అది వాడుకలోకి వచ్చి మూడు నెలలైనా కాలేదు. హానా వెక్కివెక్కి ఏడుస్తూ కుర్చీలో కూర్చుంది. గుడ్డ మీద ఒక చెంచాడు మందు పోసి ముక్కు దగ్గర పెట్టారు. చూస్తూండగానే ముఖం పాలిపోయింది. నీళ్లు చల్లారు, బ్రాందీ పోశారు, నరం కోసి చూశారు. నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆ పిల్ల భయాన్ని లోకం లెక్కలోకి తీసుకోవడానికి అరవై మూడేళ్లు పట్టింది.

ముందు ఏది ఆగింది, గుండెనా, ఊపిరా? వైద్యలోకం రెండుగా చీలింది. లండన్ వాళ్లు నాడిని కనిపెట్టుకుని ఉండమన్నారు. ఎడిన్‌బరోలో సర్జన్ సైమ్ దగ్గర చదివిన లారీ ఊపిరినే చూడమన్నాడు. ఆయన 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో, వైద్యపాఠశాలలో శిష్యులకు ఒకే మాట నేర్పాడు: రొమ్ము లేచి పడుతోందా చూడండి, నాడి జోలికి పోకండి. వేలమందికి క్లోరోఫాం ఇచ్చాం, ఒక్క ప్రాణమూ పోలేదని చెప్పేవాడు. ఆయన చేతి జాగ్రత్త అలాంటిది. ఆ జాగ్రత్తే ఆయన కళ్లకు గంతలు కట్టిందేమో అనిపిస్తుంది నాకు.

1888లో ఈ వాదు తేల్చడానికి హైదరాబాదులో వేసిన మొదటి క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరి ఆగాకే గుండె ఆగుతుందని తేల్చింది. లండన్ వైద్యపత్రిక ‘లాన్సెట్’ ఆ మాట నమ్మలేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపండి, ఇక్కడే పరీక్షించుకోండి అన్నాడు. 1889 చివర ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే ముప్పు అనుకుంటూ వచ్చినవాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు వందల సంఖ్యలో బలయ్యాయి. చివరికి ఆయనా మారిపోయి లండన్‌కు తంతి కొట్టాడు: ముప్పల్లా మోతాదు మించడంలోనూ ఊపిరాడకపోవడంలోనూ ఉంది, గుండెకు నేరుగా ఏ ముప్పూ లేదు.

ఎంత సంబరపడి ఉంటుంది ఆ నగరం! సామ్రాజ్యపు రాజధానికి ఒక సంస్థానపు ఆస్పత్రి పాఠం చెప్పిన రోజు. తలచుకుంటే ఇవాళ్టికీ గర్వం పొంగుతుంది, వెంటనే గొంతు పూడుకుపోతుంది. వాళ్లు చెప్పిన దాంట్లో సగం నిజమే. మోతాదు మించితే ఊపిరి కుంగుతుంది; ఊపిరిదారిని కాపాడడం ఇవాళ కూడా మత్తు డాక్టరు మొదటి పని. పోగొట్టుకున్నది మిగతా సగం.

తప్పు దిద్దుకోవడానికి అవకాశాలు రాకపోలేదు. అబర్డీన్‌లో మెక్‌విలియం క్లోరోఫాం మత్తులో గుండె ఉబ్బిపోవడం చూశాడు. కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అదే మందు గుండెనూ దెబ్బతీస్తుందని చూపారు. లారీ వినలేదు. ఒక్కరోజు ఆగి విని ఉంటే! మరీ బాధపెట్టేది ఇంకొకటుంది. హైదరాబాదు ప్రయోగాలు ప్రాణం తీసేంత నిండు మత్తు మీదే చూపు నిలిపాయి. సగం మత్తులో బెదిరిన ప్రాణికి ఏమవుతుందో వాళ్లు వెతకలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద అదే వెతికాడు. పలచని క్లోరోఫాం మత్తుకు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, గిలగిల వణికి, ఆగిపోతోంది. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. హానా ఏడుస్తూ కూర్చున్న కుర్చీలో ఏం జరిగి ఉంటుందో అప్పుడు అర్థమైంది. మందు ఎక్కువవుతుందని భయపడి గుడ్డ తీస్తూ పెడుతూ జాగ్రత్తపడిన చేతులే కొందరిని ఆ అంచుకు నెట్టాయని కూడా అర్థమైంది.

క్లోరోఫాం ఆపరేషన్ గదులు వదిలి చాలాకాలమైంది. ఇప్పుడు ఊపిరినీ గుండెనూ యంత్రాలు ఏకకాలంలో కనిపెడతాయి. మత్తు దిగాక చాలామందికి మిగిలేది వాంతులు, గొంతు నొప్పి, కాసేపు వణుకు, కొందరు వృద్ధులకు కొన్నాళ్ల తికమక. ఎప్పుడు తిన్నారని డాక్టరు అడిగేది, మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందని. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు వికటించిందా అని అడిగేది, అరుదుగా కొన్ని కుటుంబాల్లో కొన్ని మత్తుమందులకు ఒళ్లు విపరీతంగా కాగిపోయే లక్షణం ఉంటుందని. ఈ ప్రశ్నలకు దాచకుండా జవాబు చెప్పండి. ఒక్కో ప్రశ్న వెనుక ఒక హానా ఉంది.

లారీ చదువు చెప్పిన హైదరాబాదు వైద్యపాఠశాలలోనే రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాం ఇవ్వడం నేర్చింది. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళగా ఆమె పేరు చెబుతారు. 1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్లింది, మత్తు ఇచ్చే చేతికి భౌతిక, రసాయన శాస్త్రాలు తెలిసి ఉండాలని. అదీ గురువు చదువుకున్న ఊరే. గురువు అప్పటికే హైదరాబాదు విడిచి వెళ్లిపోయాడు. ఇంకా తెలుసుకోవలసింది ఉందని శిష్యురాలికి తోచిన ఆ సంగతి, ఇరవై ఏళ్ల ముందు ఆయనకు తోచి ఉంటే ఎందరు మత్తు దిగి కళ్లు తెరిచేవారో.