గోగునార, బిమ్లీ జూట్

గోగుకూర నోట్లో నలిగి గోంగూరైంది. ఆకు కూరకు, కాండం నారకు. కోసిన గోగుకట్టెల్ని కట్టలు కట్టి చెరువులో ఊరేస్తారు. బెరడు మెత్తబడ్డాక నీళ్లలో నిలబడే నార ఒలుస్తారు. ఆ కంపు పక్కూరికి కూడా తెలుస్తుంది.

ఒకప్పుడు ఆంగ్లేయుల ఓడలకు నార మోకుతాళ్లు కావాల్సి వచ్చేవి. అందుకు హెంప్ (గంజాయి జాతి మొక్క) నార రష్యా నుంచి రావాల్సి ఉండేది. 1853-56 నాటి క్రిమియా యుద్ధం వల్ల ఆ సరఫరా దెబ్బతినడంతో స్కాట్లాండ్‌లోని డండీ మిల్లులు మన దేశపు నారల వైపు మరింతగా మళ్లాయి. భీమునిపట్నం రేవులో ఓడెక్కిన గోగునారకు విదేశీ బజారులో పడ్డ పేరు 'బిమ్లీ జూట్'. అది జనుమూ కాదు, అసలు జూటూ కాదు. మందారానికి దగ్గరి చుట్టం. 'దక్కన్ హెంప్' అని కూడా అన్నారు, గంజాయి జాతితో ఏ సంబంధమూ లేకపోయినా. వ్యాపారికి మొక్క కులగోత్రాలతో పనేముంది? తర్వాత చిట్టివలస, నెల్లిమర్లల్లో జూట్ మిల్లులు లేచాయి.