గురి కుదిరిన వెలుగు

1965 డిసెంబరు. జెమిని 7 నౌక కిటికీలోంచి జిమ్ లోవెల్ చేతిలో పట్టే చిన్న లేజర్ పరికరాన్ని భూమి వైపు తిప్పారు. కిందినుంచి వచ్చే ఆనవాలు కాంతిని చూసుకుంటూ, తన మాటను ఆ కిరణం మీద నేలకు చేర్చాలన్నది ప్రయత్నం. మాట సాగేంత నిలకడ దొరకలేదు. థియొడర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించి అప్పటికి అయిదేళ్లే అయింది. నక్షత్రాల మధ్య సందేశాలకు లేజర్ పనికొస్తుందని శాస్త్రవేత్తలు ష్వార్ట్జ్, టౌన్స్ 1961లోనే 'నేచర్' పత్రికలో రాశారు. వెలుగూ ఉంది, ఊహా ఉంది. కుదరాల్సింది గురి. ఆ తరువాతి అరవై ఏళ్లూ ముఖ్యంగా ఆ గురి కోసం పడ్డ పాట్లేనని నా అభిప్రాయం.

కాంతి తరంగాలు రేడియో తరంగాల కంటే వేల రెట్లు పొట్టివి. అందుకే కిరణం అంతగా చెదరదు, చిన్న పరికరం కూడా ఎక్కువ సమాచారం మోస్తుంది. చిక్కూ అక్కడే ఉంది. చంద్రుడి దగ్గర 10 సెంటీమీటర్ల టెలిస్కోపు నుంచి బయల్దేరిన కిరణం భూమిని చేరేసరికి సుమారు 6 కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. నౌక కాస్త వణికినా అది నేల మీది కేంద్రాన్ని తప్పి ఎక్కడో పడుతుంది. దూరం పెరిగితే ఇంకో ఇబ్బంది: వెలుగు వచ్చేలోగా భూమి జరిగిపోతుంది. ఎగిరే పిట్టకు ముందుగా గురిపెట్టినట్టు, భూమి ఎక్కడికి చేరబోతోందో అక్కడికి వెయ్యాలి.

1968 జనవరిలో చంద్రుడి మీద ఉన్న సర్వేయర్ 7 కెమెరా భూమిని ఫొటో తీసింది. చీకటి భాగంలో రెండు చుక్కలు మెరిశాయి. అవి అరిజోనాలోని కిట్ పీక్, కాలిఫోర్నియాలోని టేబుల్ మౌంటెన్ నుంచి వదిలిన లేజర్లు. మహానగరాల దీపాలేవీ ఆ ఫొటోలో కనిపించలేదు. దక్కాల్సినంత పేరు దక్కని ప్రయోగమిది. టేబుల్ మౌంటెన్ కథ అక్కడితో ఆగలేదు. 1992 డిసెంబరులో అదే కొండ నుంచి పంపిన లేజర్ మెరుపులను 60 లక్షల కిలోమీటర్ల దూరం దాకా గెలీలియో నౌక కెమెరా పట్టుకుంది.

ఐరోపా వారి ఆర్టెమిస్ ఉపగ్రహం 2001 జులైలో రాకెట్ లోపంతో తక్కువ కక్ష్యలో చిక్కుకుపోయింది. ఇంజనీర్లు దాన్ని వదిలెయ్యలేదు. సొంత ఇంధనంతోనే 31,000 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చి, నవంబరులో స్పాట్ 4 ఉపగ్రహం తీసిన చిత్రాన్ని లేజర్ ద్వారా సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో అందుకున్నారు. పరుగెత్తే రెండు ఉపగ్రహాలు ఒకదాన్నొకటి వెతికి పట్టుకోగలవని తేలిపోయింది. 2013లో లాడీ నౌక చంద్రుడి నుంచి సెకనుకు 622 మెగాబిట్లు పంపింది, అదీ అర వాటు లేజర్‌తో.

2023 అక్టోబరులో బయల్దేరిన సైకీ నౌక ఈ పనిని గ్రహాంతర దూరాలకు తీసుకెళ్లింది. టేబుల్ మౌంటెన్ నుంచి వెళ్లిన శక్తిమంతమైన కిరణం ఆ నౌకకు గురి చూపించింది. తిరిగొచ్చిన బలహీనమైన వెలుగును పాలమార్‌లోని 5.1 మీటర్ల హేల్ టెలిస్కోపు పట్టుకుంది. ఆ డిసెంబరులో 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల నుంచి సెకనుకు 267 మెగాబిట్ల వేగంతో ఒక పిల్లి వీడియో వచ్చింది. దూరం 22 కోట్ల 60 లక్షల కిలోమీటర్లయ్యేసరికి వేగం 25 మెగాబిట్లకు తగ్గింది. దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతే కదా.

గురి కుదిరినా మబ్బు అడ్డొస్తే కిరణం ఆగిపోతుంది. ఆకాశంలో ఎంత తెలివైన పరికరం ఉన్నా, నేల మీద వేర్వేరు వాతావరణాల్లో టెలిస్కోపులు లేకుంటే దీన్ని నమ్ముకోలేం. ఇకపై ఖర్చూ శ్రద్ధా అక్కడే పెట్టాలి. ఆ పని మొదలైంది కూడా. 2025 జులైలో ఐరోపా శాస్త్రవేత్తలు గ్రీస్‌లోని క్రియొనేరి నుంచి సైకీకి లేజర్ పంపారు. 26 కోట్ల 50 లక్షల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చిన జవాబును పక్క కొండల్లోని హెల్మోస్ టెలిస్కోపు అందుకుంది.