ఎకరం ఒకటే, కడీలే వేరు

పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. మంచుకు తడిసిన గట్టు గడ్డి మీ పాదాలకు అంటుకుంటోంది. పక్కనే మక్కచేనులో రాత్రి అడవిపందులు దిగిన జాడ: విరిగి పడ్డ కర్రలు, సగం నమిలి వదిలేసిన కంకులు. అన్నదమ్ములిద్దరూ ఇక కంచె వేయాల్సిందేనని మేస్త్రీని పిలిపించారు.

గొలుసు ఒక పిడి మేస్త్రీ చేతిలో, ఇంకోటి మీ చేతిలో. బిగించి లాగితే 66 అడుగులు, మొత్తం వంద లింకులు. పది లింకులకో ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ రూపొందించిన కొలత ఇది. పది చదరపు గొలుసులైతే ఎకరం. కాగితం, కలం లేకుండా లెక్క నోట్లోనే తేలిపోతుంది కాబట్టి టేపుకన్నా నాకు ఇదే ముద్దు.

ముందు బావి దగ్గర అన్న చేను. వెడల్పు రెండు గొలుసులు, పొడవు ఐదు. రెండు ఐదులు పది, ఎకరం. తర్వాత రోడ్డు వెంబడి తమ్ముడి పట్టీ. వెడల్పు ఒక్క గొలుసే, పొడవు మాత్రం పది. అదీ ఎకరమే. పాసు పుస్తకాల్లోనూ అంతే ఉంది.

మేస్త్రీ గొంతుకూర్చుని పుల్లతో మట్టిలో గీస్తున్నాడు. మీరూ వంగి చూడండి. అన్న చేను చుట్టూ తిరిగొస్తే 14 గొలుసులు, అంటే 924 అడుగులు. తమ్ముడి చేను చుట్టూ 22 గొలుసులు, 1,452 అడుగులు. పదకొండు అడుగులకో కడీ, అంటే కంచె స్తంభం, పాతితే అన్నకు 84, తమ్ముడికి 132.

"అదేందే మేస్త్రీ? ఇద్దరిదీ ఎకరమే గదా! నాకు నలభై ఎనిమిది కడీలు ఎక్కువెట్లయితయ్?"

"కడీలు పాతేది చేన్ల కాదు పటేలా, గట్టు మీద."

"రోడ్డు పక్కదని నువ్వే ఏరికోరి తీసుకున్నవ్ గదరా," అని అన్న నవ్వుతున్నాడు.

మేస్త్రీ అన్న మాటకన్నా బాగా ఏ లెక్కల పుస్తకమూ చెప్పలేదనిపిస్తుంది నాకు. విత్తనాలు, యూరియా, దున్నకం కూలి, 2018లో మొదలైన ఒకప్పటి రైతుబంధు సాయం, ఇవన్నీ ఎకరం లెక్కన నడిచేవి, వైశాల్యాన్ని బట్టి. కడీలు, ముళ్లతీగ, గట్టు చెక్కే కూలి నడిచేది చుట్టుకొలతను బట్టి. ఐదు వరసల తీగ లాగితే అన్నకు 4,620 అడుగులు, తమ్ముడికి 7,260. తేడా 2,640 అడుగులు, సరిగ్గా అర మైలు.

పట్టీ నడిమధ్యకు వచ్చి నిలబడండి. ఆ పక్క గట్టు 33 అడుగులే, ఈ పక్కా అంతే. చేనులో ఏ మొక్కా గట్టుకు అంతకన్నా దూరంలో లేదు. పందికి ఇంతకన్నా ఏం సుఖం కావాలి?

తమ్ముడు ఊరుకోడు. "మరి గా తీగతోనే మంచిగ చుడితే ఎంత భూమి చుట్టొస్తది?"

మేస్త్రీ మట్టి మీద చతురస్రం గీశాడు. 22ని నాలుగు పక్కలకు పంచితే పక్కకు ఐదున్నర గొలుసులు. ఐదున్నర ఐదున్నరలు ముప్పయింబావు చదరపు గొలుసులు. అంటే మూడెకరాల ఒక గుంట! ఒక్క ఎకరం పట్టీ చుట్టూ తిరిగే తీగకు మూడెకరాల పైచిలుకు భూమిని కాపలా కాసే సత్తువ ఉంది. దీర్ఘచతురస్రాల్లో అతి తక్కువ కంచెతో ఎక్కువ నేలను పట్టేది చతురస్రమే.

తమ్ముడు 132 కడీలకూ బయానా ఇచ్చేశాడు. ఇంకేం చేస్తాడు?

మీరూ రోడ్డు పక్క పట్టీ కొనబోతుంటే, పాసు పుస్తకంలో గుంటలు చూసి ఊరుకోకండి. నాలుగు పక్కలా గొలుసు వేయించి, కడీల ఖర్చు కూడా కలుపుకొని బేరమాడండి.